తాళం చెవి తేలిక.. పోషణ బరువు
సూరత్ విలాస కార్ల వెనుక వర్క్‌షాపు బిల్లుల కథ

సూరత్: వజ్రాల నగరంగా పేరొందిన సూరత్‌లో 2018 సెప్టెంబరులో జరిగిన ఒక సన్మానం దేశమంతటా వార్త అయింది. హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అధిపతి సవ్‌జీ ధోలాకియా తమ సంస్థలో 25 ఏళ్ల సేవ పూర్తి చేసుకున్న ముగ్గురు ఉద్యోగులకు తలా ఒక మెర్సిడెస్ బెంజి జీఎల్ఎస్ 350డి కారును బహూకరించారు. ఒక్కొక్క దాని విలువ సుమారు కోటి రూపాయలు. నాటి మధ్యప్రదేశ్ గవర్నరు ఆనందీబెన్ పటేల్ చేతుల మీదుగా తాళం చెవులు అందాయి. చిన్న వయసులో వజ్రాల పని నేర్చుకోవడానికి వచ్చినవారు కోటి రూపాయల కారుకు యజమానులు కావడం ఎవరికైనా ముచ్చట గొలిపే విషయమే. అయితే తాళం చెవితో పాటు చేతికి వచ్చే మరొక బాధ్యతను గురించిన చర్చ మాత్రం తక్కువగానే జరిగింది.

కారు కొనడానికయ్యే ఖర్చు ఒక్కసారితో తీరిపోతుంది. దానిని పదేళ్లపాటు రోడ్డు మీద నిలబెట్టడానికయ్యే ఖర్చు ఏటేటా పలకరిస్తుంది. మామూలు కారు విషయంలో ఈ రెండో ఖర్చు ఇంటి బడ్జెట్‌లో ఎలాగోలా ఇమిడిపోతుంది. విలాస కారు లెక్క వేరు. వయసు పెరిగే కొద్దీ కారు అమ్మకపు ధర పడిపోతుంది గానీ, దానికి వేసే విడిభాగం ధర మాత్రం కొత్త కారు స్థాయిలోనే నిలిచి ఉంటుంది. కోటి రూపాయల కారు పదేళ్లకు పాతిక లక్షల కారు కావచ్చు. దాని హెడ్‌లైటు మాత్రం అప్పటికీ కోటి రూపాయల కారు హెడ్‌లైటే. విలాస కార్ల యజమానులను సూరత్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా కలవరపెట్టే చిక్కంతా ఇక్కడే ఉంది.

దీపావళి కార్ల అనుభవం

అమ్రేలీ జిల్లాలోని దుధాలా అనే గ్రామం నుంచి సూరత్‌కు వచ్చి వజ్రాల వ్యాపారంలో ఎదిగిన ధోలాకియాకు ఉద్యోగులకు కార్లు పంచడం అదే మొదటిసారి కాదు. 2014 దీపావళికి ఆయన సంస్థ 491 ఫియట్ పుంటో కార్లను, రెండు వందలకు పైగా ఫ్లాట్లను ఇచ్చింది. 2016లో 1,260 కార్లు, 400 ఫ్లాట్లు ప్రకటించింది. బెంజి కార్లు ఇచ్చిన 2018లోనే దీపావళికి మరో 600 చిన్న కార్లు పంచింది. 2022లో ధోలాకియాను కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

ఆ చిన్న కార్ల చరిత్రలోనే కారు మన్నికను గురించిన ఒక ముఖ్యమైన సంగతి దాగి ఉంది. ఫియట్ కార్ల తయారీ భారత్‌లో 2019 నాటికి నిలిచిపోయింది. ఈ నగరపు వజ్రాల ఉద్యోగులకు అందిన మరో చౌక కారు బ్రాండ్ డాట్సన్ 2022లో దేశం విడిచి వెళ్లింది. కంపెనీలు వెళ్లిపోయినా కార్లు రోడ్డు మీదే ఉన్నాయి. పుంటో డీజిల్ రకానికి ఒక అదృష్టం కలిసివచ్చింది. అందులోని 1.3 లీటర్ల ఇంజన్‌నే లైసెన్సు మీద మారుతి తన స్విఫ్ట్ వంటి కార్లలో ఏళ్ల తరబడి వాడినందున, ఇంజన్ సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. బంపరు, తలుపు, దీపాల విషయంలో ఆ సౌకర్యం లేదు. కారు ఎంతకాలం మన్నుతుందన్నది దాని లోహం గట్టితనం మీద కంటే, దాని భాగాలు మరెన్ని కార్లలో ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ. ఈ కొలతతో చూస్తే విలాస కారు మొదటి నుంచీ ఒంటరిదే.

బెంజి వచ్చిన దారి

మెర్సిడెస్ బెంజి 1994లో అప్పటి టెల్కోతో చేతులు కలిపి భారత్‌లో అడుగు పెట్టింది. 1995 నుంచి పుణేలో ఈ-క్లాస్ కార్ల బిగింపు మొదలైంది. డబ్ల్యూ124 అనే సంకేతనామంతో పిలిచే ఆ తరం కారుకు ప్రపంచమంతటా గట్టి పిండమని పేరు. ముఖ్యంగా దాని డీజిల్ రకంలో ఎలక్ట్రానిక్ సామగ్రి బహుస్వల్పం. తెలిసిన మెకానిక్కు చెవితో విని లోపం పట్టగల యంత్రమది. బెంజి అంటే చెడిపోని కారు అన్న నమ్మకం మన మధ్యతరగతి మనసులో పాతుకుపోయింది ఆ రోజుల్లోనే. ఆ తర్వాత 2007లో బీఎండబ్ల్యూ చెన్నై సమీపంలో, అదే ఏడాది ఆడి ఔరంగాబాద్‌లో బిగింపు ప్రారంభించాయి. 2008లో టాటా సంస్థ జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 230 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. బ్యాంకులు వాయిదాల పద్ధతిపై విరివిగా రుణాలివ్వసాగాయి. వ్యాపార నగరమైన సూరత్‌లో, అఠ్వాలైన్స్ నుంచి డుమస్ రోడ్డు వరకు ఈ కార్లు కనిపించడం వింత కాకుండా పోయింది. రోడ్డు పన్ను పొరుగున ఉన్న మహారాష్ట్ర కంటే గుజరాత్‌లో తక్కువ కావడం కూడా కొంత తోడ్పడింది.

కాగా, నమ్మకం పాత కారుది, కొన్నది కొత్త కారు. ఈ రెండింటికీ మధ్య తేడాను వర్క్‌షాపు బిల్లు చెబుతుంది.

చెడేది ఎక్కడ?

సూరత్ ఉద్యోగులకు అందిన జీఎల్ఎస్ రకాన్నే తీసుకుందాం. రెండున్నర టన్నుల బరువున్న ఈ వాహనం ఇనుప స్ప్రింగుల మీద కాక గాలి తిత్తుల మీద నిలుస్తుంది. రబ్బరుతో చేసిన ఈ తిత్తులు ఎండకు, దుమ్ముకు, ఏళ్లకు బీటలు వారతాయి. సన్నని బీట పడితే చాలు, రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక మూలకు ఒరిగి ఉంటుంది. దానిని పట్టించుకోకుండా నడిపితే, తప్పిపోతున్న గాలిని నింపడానికి కంప్రెషర్ అదేపనిగా తిరిగి అదీ కాలిపోతుంది. ఒక్కొక్క చక్రానికి అమర్చే గాలి స్తంభం ఖరీదు లక్ష రూపాయలు దాటడం సాధారణం. ఒకటి పోయిందంటే మిగిలిన మూడింటి వయసూ అంతే కదా!

ఇక ఇంజన్. జీఎల్ఎస్ 350డిలో ఉన్న మూడు లీటర్ల వి6 డీజిల్ ఇంజన్ బలమైనదే, దీర్ఘాయుష్షు కలదే. కానీ ఈ ఇంజన్ కుటుంబంలో ఒక పేరుమోసిన బలహీనత ఉంది. ఆయిల్ కూలర్‌ను ఇంజన్ రెండు వరసల మధ్యనున్న లోయలో అమర్చారు. దాని కింద ఉండే రబ్బరు సీళ్లు కాలక్రమంలో గట్టిపడి ఆయిల్ కారతాయి. తర్వాతి తయారీలో మెరుగైన పదార్థంతో చేసిన సీళ్లు వచ్చాయి గానీ, ఇంజన్ అమరిక మారలేదు. సీలు ఖరీదు పెద్దదేమీ కాదు. దానిని చేరుకోవడానికి పైనున్న టర్బో, గాలి గొట్టాలు మొదలైనవన్నీ విప్పాలి. చిల్లర సామానుకు రోజుల తరబడి మజూరీ పడుతుంది.

ఇది ఒక్క కంపెనీకి పరిమితమైన వ్యవహారం కాదు. 2007 తర్వాత కొన్నేళ్లపాటు బీఎండబ్ల్యూ తన నాలుగు సిలిండర్ల డీజిల్ కార్లలో వాడిన ఇంజన్‌కు టైమింగ్ చైన్ వెనుక వైపు, గేర్‌బాక్సును ఆనుకొని ఉంటుంది. చైన్ అరిగి శబ్దం చేస్తే దాన్ని మార్చడానికి ఇంజన్‌నో, గేర్‌బాక్సునో కిందికి దించక తప్పదు. తయారీదారు ఇంజన్‌ను రూపొందించేటప్పుడు బిగింపు తేలికను చూస్తాడు, ప్రమాదంలో పాదచారి తలకు తగలకుండా బానెట్ ఎత్తు తగ్గించడాన్ని చూస్తాడు. పదో ఏట దానిని విప్పవలసిన మెకానిక్కు గురించి ఆలోచించే వరస ఆఖరుకు వస్తుంది.

ఎలక్ట్రానిక్స్ సంగతి మరొకటి. నేటి విలాస కారులో కిటికీ అద్దం మొదలు బ్రేకు దాకా పదుల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కొత్త హెడ్‌లైటు తెచ్చి బిగించినంత మాత్రాన వెలగదు. అది ఫలానా కారుకు చెందినదని కంపెనీ సాఫ్ట్‌వేర్ ద్వారా నమోదు చేయాలి. బ్యాటరీ మార్చినా కొన్ని కార్లకు ఈ తతంగం తప్పదు. వీధి చివరి మెకానిక్కు చేతిలో పాన ఉంటుంది గానీ ఈ సాఫ్ట్‌వేర్ ఉండదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 నిబంధనల తర్వాత డీజిల్ కార్లకు మసిని పట్టి ఉంచే వడపోత గొట్టం కూడా తోడైంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే కారు కొంతసేపు వేగంగా పరిగెత్తాలి. ఇంటి నుంచి కార్యాలయానికి నాలుగు కిలోమీటర్లు, వరాఛా రద్దీలో పాకుతూ వెళ్లి వచ్చే కారుకు ఆ అవకాశం రాదు. ముంబయి రహదారి మీద వారానికొకసారి పరుగు పెట్టించడం ఈ కార్లకు వైద్యం లాంటిది.

విడిభాగం ఎవరి చేతిలో?

బిల్లులు ఇంతగా పెరగడానికి ఇంజనీరింగ్ ఒక్కటే కారణం కాదని తేల్చింది భారత కాంపిటీషన్ కమిషన్. విడిభాగాలను, మరమ్మతు పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారంటూ 2011లో కొన్ని కార్ల కంపెనీలపై ఫిర్యాదు దాఖలైంది. విచారణ పరిధి విస్తరించి, 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలపై మొత్తం రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఆ జాబితాలో మారుతి, టాటా, మహీంద్రా వంటి స్వదేశీ పేర్లతో పాటు మెర్సిడెస్ బెంజి, బీఎండబ్ల్యూ కూడా ఉన్నాయి. కొన్ని విడిభాగాలపై వేసిన లాభం సుమారు వంద శాతం నుంచి ఐదు వేల శాతం దాకా ఉన్నట్లు విచారణలో తేలడం గమనార్హం. సీల్డ్ బాక్సులో అదే భాగాన్ని తయారుచేసి ఇచ్చే సరఫరాదారు బయటి మార్కెట్లో నేరుగా అమ్ముకోరాదన్న ఒప్పందాలు, బయట మరమ్మతు చేయిస్తే వారంటీ చెల్లదన్న షరతులు కమిషన్ దృష్టిలో ప్రధాన దోషాలు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో దోష నిర్ధారణను సమర్థిస్తూనే, జరిమానా లెక్కను సంబంధిత వ్యాపారానికి కుదించింది.

ఆదేశం వచ్చినంత మాత్రాన మెకానిక్కు షెడ్డులోకి జర్మన్ సాఫ్ట్‌వేర్ నడిచి రాలేదు. అయినా స్వతంత్ర వర్క్‌షాపులకు కొంత ఊపిరి అందింది. కంపెనీకి సరఫరా చేసే బాష్, జెడ్ఎఫ్ వంటి తయారీదారుల సరుకునే, కంపెనీ ముద్ర లేకుండా కొని వేయించుకోవడం నేడు విలాస కార్ల యజమానుల్లో ఎరిగినవారు చేసే పని. ముద్ర లేని సరుకు కంపెనీ ధర కంటే బాగా చౌకగా దొరుకుతుంది. నకిలీ సరుకు ఇంకా చౌకగా దొరుకుతుంది. చిక్కు అక్కడే.

తాపి పొంగిన నాడు

సూరత్ యజమానికి మరొక భయం ఉంది. అది తాపి నది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలడంతో నగరంలో అధిక భాగం మునిగింది. నాటి నీటి విడుదల సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. రాందేర్, అడాజణ్, కతార్‌గాం వంటి ప్రాంతాల్లో కింది అంతస్తులు నీటిలో ఉండిపోయాయి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్ చవిచూసినదీ ఇటువంటి దృశ్యాన్నే.

నీట మునిగిన కారు కంటే, మునిగిన తర్వాత తాళం తిప్పిన కారు ఎక్కువ నష్టపోతుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లవలసిన దారిలో నీరు వెళితే పిస్టన్ దానిని నొక్కలేదు. గాలి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. ఫలితంగా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి ఇంజన్ గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. ఇలా జరిగిన నష్టాన్ని సాధారణ సమగ్ర పాలసీ భరించదు. నీట మునగడం ప్రమాదమే గానీ, ఆ తర్వాత స్టార్టు చేయడం యజమాని చేసుకున్న పని అన్నది బీమా కంపెనీల వాదన. ఇంజన్ రక్షణ అనే అదనపు పాలసీ విడిగా తీసుకుంటేనే దానికి దిక్కు.

తరుగుదల లెక్క దీనికి తోడు. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్ బ్యాగుల ఖరీదులో 50 శాతాన్ని బీమా సంస్థ కోసివేస్తుంది. లోహ భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతూ, ఐదేళ్లు దాటి పదేళ్ల లోపున్న కారుకు 40 శాతానికి, పదేళ్లు దాటితే 50 శాతానికి చేరుతుంది. అద్దాలకు మాత్రం కోత లేదు. ఆరేళ్ల కారుకు ఒక ఢీ తగిలి, ప్లాస్టిక్ భాగాలకు 3 లక్షలు, లోహ భాగాలకు 2 లక్షల రూపాయల సామాను పట్టిందనుకుంటే, యజమాని జేబు నుంచి పోయేది లక్షన్నర, ఎనభై వేలు కలిపి రెండు లక్షల ముప్ఫై వేలు. మారుతి ఆల్టో అయితే ఇందులో పదో వంతుతో గట్టెక్కవచ్చు. తరుగుదల కోత లేని పాలసీలు ఉన్నాయి గానీ, కారుకు వయసు మీరేకొద్దీ వాటిని ఇవ్వడానికి బీమా సంస్థలు వెనుకాడతాయి. అసలు అవసరం మొదలయ్యేది అప్పుడే కావడం విశేషం.

కారుకు నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడిచేసరికి పాలసీలో దాని విలువను కంపెనీ జాబితా ధరలో సగంగా లెక్కిస్తారు. ఆ తర్వాత ఇరుపక్షాల ఒప్పందమే. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతాన్ని దాటితే కారును పూర్తిగా నష్టపోయినట్లే పరిగణిస్తారు. పాతిక లక్షలుగా విలువ కట్టిన కారుకు వరదలో పంతొమ్మిది లక్షల బిల్లు అయ్యిందంటే అది తుక్కు కిందికే పోతుంది. విడిభాగాలు కొత్త ధరకు, కారు పాత ధరకు ఉన్న చోట ఆ గీత దాటడం ఎంతో సేపు పట్టదు.

వ్యాపారి లెక్క వేరు, ఉద్యోగి లెక్క వేరు

సూరత్‌లో విలాస కార్లలో గణనీయ భాగం వ్యక్తుల పేరిట కాక సంస్థల పేరిట ఉండటానికి కారణం లేకపోలేదు. వ్యాపారానికి వాడే కారుపై ఏటా 15 శాతం తరుగుదలను ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చు. మరమ్మతులు, బీమా, రుణంపై వడ్డీ కూడా ఖర్చు పద్దులోకే వెళ్తాయి. (జీఎస్టీ జమ మాత్రం సాధారణంగా మామూలు ప్రయాణికుల కార్లకు దొరకదు.) నాలుగేళ్లు వాడి, వారంటీ గడువు ముగిసే వేళకు కారును అమ్మివేసి కొత్తది తెచ్చుకుంటే, పైన చెప్పిన గాలి తిత్తులు, సీళ్ల బెడద అతడిని తాకనే తాకదు. అది తర్వాతివాడి నెత్తిన పడుతుంది.

జీతం మీద బతికే మనిషికి ఈ సౌకర్యాలేవీ లేవు. పైగా యజమాని ఇచ్చిన ఖరీదైన వస్తువు విలువను పన్ను చట్టం జీతంలో భాగంగానే చూస్తుంది. ఆ భారాన్ని సంస్థ తలకెత్తుకుంటే సరే. లేకుంటే బహుమతికి కట్టవలసిన పన్నే ఒక చిన్న కారు ఖరీదు. ఆపైన ఏటా బీమా, సర్వీసింగు, లక్ష రూపాయల చుట్టుపక్కల పలికే టైర్ల సెట్టు. ఇదే నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు ఆ కారు హెడ్‌లైటు ఖరీదు నెలల తరబడి సంపాదన.

ఢిల్లీ నుంచి వచ్చే చౌక

వారంటీ ముగిసిన కార్లను కొనే ఆ 'తర్వాతివాడు' ఎవరు? మధ్యతరగతిలో పై మెట్టు మీదున్న యువకుడు, చిన్న వ్యాపారి, కొత్తగా డబ్బు చూస్తున్న వృత్తి నిపుణుడు. కొత్త హ్యుందాయ్ ధరకే ఆరేళ్ల బెంజి వస్తోందంటే మనసు ఆగదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను సమర్థిస్తూ 2018లో సుప్రీంకోర్టు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలను నిషేధించిన తర్వాత, అక్కడి విలాస కార్లు కారుచౌకగా ఇతర రాష్ట్రాల బాట పట్టాయి. (2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ యజమానులపై కఠిన చర్యలు వద్దని తాత్కాలికంగా ఆదేశించి కొంత ఊరట కలిగించింది.) ఆ కార్లను తెచ్చుకున్నవారు చేసే పొరపాటు ఒక్కటే. కారు కొనడానికి ఎంత ఉందో చూసుకుంటారు గానీ, కొన్న మొదటి ఏడాదే దానిపై పెట్టడానికి ఎంత ఉందో చూసుకోరు. సర్వీసు చరిత్ర కాగితాలు, కంపెనీ స్కానర్‌తో చేసిన తనిఖీ, లిఫ్టు మీదకెత్తి చూసిన ఆయిల్ మరకలు.. ఇవి లేకుండా బేరం కుదుర్చుకోవడం పెళ్లికూతురిని చూడకుండా ముహూర్తం పెట్టుకోవడమే.

మన్నికలో ఎవరిది పైచేయి?

ఖరీదుకూ మన్నికకూ పొత్తు కుదరాలని లేదు. అమెరికాలో జె.డి. పవర్ సంస్థ మూడేళ్ల వయసున్న కార్లపై ఏటా జరిపే సర్వేలో 2025 సంవత్సరానికి లెక్సస్ మొదటి స్థానంలో నిలిచింది. ప్రతి వంద కార్లకు లెక్సస్‌లో 140 లోపాలు నమోదు కాగా, మొత్తం పరిశ్రమ సగటు 202. విలాస కార్ల బ్రాండ్ల సగటు మాత్రం సామాన్య కార్ల బ్రాండ్ల కంటే మెరుగ్గా లేదు సరికదా, కొంత వెనుకబడే ఉంది. వీటిలో పెద్ద వాటా ఇంజన్‌ది కాదు, తెరలు, ఫోను అనుసంధానం వంటి ఎలక్ట్రానిక్ వ్యవహారాలది. 2017లో భారత్‌కు వచ్చిన లెక్సస్, 2024 జూన్ నుంచి అమ్మిన కార్లపై ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ప్రకటించింది. మెర్సిడెస్ మామూలు వారంటీ మూడేళ్లు. అంతకు మించి కావాలంటే డబ్బు కట్టి పొడిగించుకోవాలి. జర్మన్ కారు కొన్నవారికి ఆ పొడిగింపే అసలైన బీమా. ఒక్క గేర్‌బాక్సు లేదా ఒక జత గాలి స్తంభాలు వారంటీలో మారితే కట్టినదంతా తిరిగి వచ్చినట్లే.

మరోవైపు సూరత్ వజ్రాల పరిశ్రమకే గడ్డు రోజులు వచ్చాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా ముడి వజ్రాలపై ఆంక్షలు మొదలయ్యాయి. 2024 జనవరి నుంచి జీ-7 దేశాలు వాటి దిగుమతిని నిషేధించాయి. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు సహజ వజ్రాల ధరను దెబ్బతీశాయి. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై 50 శాతం సుంకం వేసింది. 2023 డిసెంబరులో ప్రధాని నరేంద్ర మోడీ ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్ భవనం 67 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణంతో నిలిచి ఉన్నా, సాన బల్లల దగ్గర పని తగ్గింది. ఆదాయం తగ్గిన ఇంట్లో ముందుగా వాయిదా పడేది కారు సర్వీసింగు. గేర్‌బాక్సు ఆయిల్ మార్చడం ఒక ఏడాది ఆపితే కొన్ని వేలు మిగులుతాయి. ఆ తర్వాత గేర్‌బాక్సే మార్చవలసి వస్తే లక్షలు పోతాయి.

పన్నుల వైపు నుంచి కొంత ఉపశమనం లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్న భారాన్ని సెస్సు లేని 40 శాతానికి తగ్గించారు. కొత్త కారు ధర తగ్గడంతో పాత కారు ధర కూడా ఆ మేరకు కిందికి జారింది. పాత యజమానికి పనికొచ్చే తగ్గింపు వేరొకటి ఉంది. చాలావరకు 28 శాతం పన్ను పడుతున్న విడిభాగాలు అదే రోజు నుంచి 18 శాతం శ్లాబులోకి వచ్చాయి. లక్ష రూపాయల గాలి స్తంభంపై పది వేలు మిగులుతాయి. వర్క్‌షాపు మజూరీపై 18 శాతం పన్ను మాత్రం ఎప్పటిలాగే ఉంది.